చలికి డీజిల్ లారీ పొద్దున్నే స్టార్ట్ కావట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబర్ వచ్చిందంటే హైదరాబాద్ ఆటోనగర్‌లో ఏ ఎలక్ట్రికల్ షాపు ముందు నిలబడినా పొద్దున్నే వినిపించేది ఒకటే మాట: "రాత్రి బాగానే ఉందన్నా, పొద్దున సెల్ఫ్ కొడితే అందుకోవట్లేదు." అడిగేవాళ్లు మారతారు గానీ డౌట్లు మారవు, అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీ బండి ఎక్కడ ఆగిందో అక్కడికే వెళ్లి చదువుకోండి. లెక్కలు ఎక్కువగా, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా (సిరీస్‌లో) కలిపిన 24 వోల్టుల లారీలవి. చిన్న బండ్లకు తేడా ఉన్నచోట అదీ రాశాను.

## ముందు విషయం అర్థం కావాలి

హైదరాబాద్‌లో అంత చలి ఎక్కడుంది? ఈమాత్రానికే బండి మొరాయిస్తుందా?

మంచి కండిషన్‌లో ఉన్న బండి మొరాయించదు. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున సిటీలో 12, 13 డిగ్రీలుంటుంది, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు కొన్ని రోజులు 10 కన్నా కిందికి దిగుతుంది. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు, గాలిని 16 నుంచి 20 రెట్లు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చలికి సిలిండర్ గోడలు ఆ వేడిని లాగేసుకుంటాయి, ఆయిల్ చిక్కబడి ఇంజన్ బరువుగా తిరుగుతుంది, బ్యాటరీ కూడా నీరసిస్తుంది. ఈ మూడూ కలిసినా 10 డిగ్రీల దగ్గర ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ అందుకునే తీరుతుంది. అందుకోలేదంటే ఏదో ఒక భాగం ముందే సగం పోయి ఉంది, ఎండాకాలం అది బయటపడలేదంతే. చలిని తిట్టుకుని లాభం లేదు, ఆ భాగమేదో వెతకాలి.

మధ్యాహ్నం సగం సెల్ఫ్‌కే అందుకుంటుంది, పొద్దున మాత్రం ఏడిపిస్తుంది. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు చెవి, కన్ను. టూల్ బాక్స్ తర్వాత. పొద్దున మొట్టమొదటి సెల్ఫ్ కొట్టేటప్పుడే క్లీనర్‌ని సైలెన్సర్ దగ్గర నిలబెట్టి ఫోన్‌లో వీడియో తీయమనండి, ఎందుకంటే రెండో మూడో సెల్ఫ్‌కి సిలిండర్లు కొంచెం వేడెక్కి లక్షణాలు మారిపోతాయి, మెకానిక్ వచ్చేసరికి బండి బుద్ధిగా స్టార్ట్ అయి కూర్చుంటుంది. ఇంజన్ ఈడ్చుకుంటూ తిరిగితే అది కరెంటు సమస్య: బ్యాటరీ, కేబుళ్లు, సెల్ఫ్ మోటరు. చురుగ్గా తిరుగుతున్నా సైలెన్సర్ నుంచి పొగే రాకపోతే డీజిల్ సిలిండర్ దాకా చేరట్లేదు. చురుగ్గా తిరుగుతూ తెల్ల పొగ గుప్పుగుప్పున వస్తుంటే డీజిల్ చేరుతోంది, అంటుకోవట్లేదు. ఈ మూడింట్లో మీది ఏదో తేలకుండా స్పేర్లు కొనకండి. రాణీగంజ్ స్పేర్ల మార్కెట్ దాకా వెళ్లి హీటర్ ప్లగ్గుల (స్టార్టింగ్‌కి ముందు సిలిండర్‌ని వేడిచేసేవి) సెట్టు తెచ్చి బిగించాక, బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉందని తేలిన బండ్లు బోలెడు.

## తాళం తిప్పాక ఇంజన్ సరిగా తిరగకపోతే

టక్ టక్ మని చప్పుడు వస్తోంది తప్ప తిరగట్లేదు. సెల్ఫ్ మోటరు పోయినట్టేనా?

చాలాసార్లు కాదు. టకటకా వరసగా కొట్టుకుంటోందంటే సొలినాయిడ్ (సెల్ఫ్ మోటరుకి కరెంటు కలిపే స్విచ్) లాగుతోంది, లాగగానే వోల్టేజీ పడిపోయి వదిలేస్తోంది, మళ్లీ లాగుతోంది. అంటే బ్యాటరీ దిగిపోయింది లేదా కేబుల్‌లో ఎక్కడో కరెంటు ఆగుతోంది. ఒక్కటే గట్టి 'టక్' వచ్చి నిశ్శబ్దమైపోతే అప్పుడు సెల్ఫ్ మోటరు మీద అనుమానపడాలి: సొలినాయిడ్ కాంటాక్టులు కాలిపోవడం, కార్బన్ బ్రష్‌లు అరిగిపోవడం, లేదా ఆర్మేచర్ (మోటరు లోపల తిరిగే భాగం) పోవడం. అసలు చప్పుడే లేకపోతే తాళం దగ్గరి వైరు, రిలే, న్యూట్రల్ స్విచ్, క్లచ్ స్విచ్ చూడండి. బ్రష్‌లు మార్చితే అయ్యేదానికి కొత్త మోటరు కొనిపించేవాళ్లున్నారు, విప్పినప్పుడు పక్కనే నిలబడండి.

లైట్లు ధగధగా వెలుగుతున్నాయి, హారన్ గట్టిగానే ఉంది. అయినా బ్యాటరీ వీక్ అంటారేంటి?

లైట్లకు కావాల్సింది కొద్ది ఆంపియర్లు. సెల్ఫ్ మోటరు తిరిగేటప్పుడు వందల ఆంపియర్లు లాగుతుంది. కాబట్టి హారన్ పరీక్ష పరీక్షే కాదు. మామూలు మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున తాళం పెట్టకముందే ఒక్కో బ్యాటరీ మీద చూడండి: 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగమే. తర్వాత మీటరు పుల్లలు బ్యాటరీ మీదే ఉంచి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. తిరుగుతున్నంతసేపూ ఒక్కో బ్యాటరీ 9.6 పైన నిలబడాలి. 12.6 చూపించిన బ్యాటరీ సెల్ఫ్ కొట్టగానే 7కో 8కో జారితే దాని లోపల ప్లేట్లు పోయాయి, ఎంత చార్జింగ్ పెట్టినా లాభం లేదు. చలి ఇక్కడే దెబ్బ కొడుతుంది. 27 డిగ్రీల దగ్గర ఇచ్చే స్టార్టింగ్ శక్తిలో సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ ఇచ్చేది దాదాపు మూడింట రెండు వంతులే. మనకు సున్నా రాదు గానీ, అంచుమీద ఉన్న బ్యాటరీ పడిపోవడానికి సున్నా దాకా వెళ్లక్కర్లేదు.

బ్యాటరీలు కొత్తవి వేశాం, ఆర్నెల్లకే ఒకటి పోయింది. కంపెనీ మోసమా?

కంపెనీని తిట్టే ముందు టేపు రికార్డరు వైరు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మన లారీల్లో ఇది పెద్ద జబ్బు. టేపు, ఫోన్ చార్జర్, క్యాబిన్‌లో చిన్న ఫ్యాను 12 వోల్టులవి, బండేమో 24. కన్వర్టర్ ఖర్చు ఎందుకని రెండు బ్యాటరీలను కలిపే లింకు దగ్గర ఒక వైరు తగిలించి, ఒక్క బ్యాటరీ నుంచే కరెంటు తీసేస్తారు. ఆ బ్యాటరీ రోజూ ఎక్కువ ఖాళీ అవుతుంది, పక్కది ఖాళీ కాదు. ఆల్టర్నేటర్‌కి ఈ తేడా తెలియదు, రెండింటికీ కలిపి 28 వోల్టుల దగ్గర చార్జింగ్ ఇస్తుంది. ఫలితం, ఒకటి ఎప్పుడూ అర్ధాకలితో ఉంటుంది, రెండోది ఎక్కువ చార్జింగ్‌కి నీళ్లు మరిగి ఎండిపోతుంది. ఇంజన్ తిరుగుతుండగా ఒక్కో బ్యాటరీ మీద మీటరు పెట్టండి. ఒకటి 13.2, ఇంకొకటి 15 దగ్గర కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు, వైరు దొరికేదాకా వెతకండి. 24 నుంచి 12కి దించే కన్వర్టర్ ఒకటి పెట్టించుకుంటే ఆ గొడవ పోతుంది, కొత్త బ్యాటరీ ధర ముందు దాని ఖర్చు ఏపాటి?

రెండింట్లో ఒక్కటే పోయింది కదా, ఒక్కటే మారిస్తే సరిపోదా?

సరిపోదు. సిరీస్‌లో ఉన్న రెండూ ఒకే కంపెనీ, ఒకే ఆంపియర్ అవర్, ఒకే వయసు ఉండాలి. లేకపోతే కొత్తది పాతదాన్ని మోస్తూ మోస్తూ తానూ త్వరగా పోతుంది. డబ్బులకు మరీ కటకటగా ఉంటే, పాతదాని వయసుకు దగ్గరగా ఉండి టెస్టు పాసైన సెకండ్ హ్యాండ్ బ్యాటరీతో ఈ చలికాలం నెట్టుకురావచ్చు, అంతే.

బ్యాటరీ మార్చాం, సెల్ఫ్ కూడా రిపేరు చేయించాం. ఇంకా ఈడ్చుకుంటూనే తిరుగుతోంది, ఏం మిగిలింది?

కేబుళ్లు, ఎర్త్. టెర్మినల్ మీద తెల్లగానో నీలంగానో పొడి పేరుకుని ఉంటే అది అందరికీ కనిపిస్తుంది, వేడినీళ్లు పోసి బ్రష్‌తో రుద్ది, తుడిచి, బిగించి, కొంచెం వాసెలిన్ రాస్తే సరి. కనిపించనిది రబ్బరు తొడుగు కింద ఉంటుంది. కేబుల్ చివర లగ్గు దగ్గర తొడుగుని అంగుళం వెనక్కి తీసి చూడండి, ఎర్రగా మెరవాల్సిన రాగి తీగలు పచ్చగా, వేళ్లతో నలిపితే పొడిపొడిగా రాలుతుంటే ఆ కేబుల్ కరెంటు మోయదు. మీటరుతో పట్టుకోవడం ఇంకా సులువు: ఒక పుల్ల బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి సెల్ఫ్ మోటరు ప్లస్ బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే దారిలో కరెంటు తినేస్తున్నట్టు. అలాగే బ్యాటరీ మైనస్‌కి, ఇంజన్ బ్లాక్‌కి మధ్య కూడా. ఇంజన్ నుంచి ఛాసిస్‌కి వచ్చే ఎర్త్ పట్టీ పెయింటు మీదే బిగించేసి ఉండటం, డెంటింగ్ పని చేయించుకుని వచ్చిన బండ్లలో మామూలు.

రెండు రోజులు పార్కింగ్‌లో ఉంటే బ్యాటరీ డౌన్ అవుతోంది. రోజూ నడిపితే ఏమీ లేదు. ఎందుకు?

తాళం తీసేశాక కూడా ఏదో కరెంటు తాగుతోంది. బండి ఆపి అరగంట ఆగాక మైనస్ కేబుల్ విప్పి, మధ్యలో మల్టీమీటర్‌ని ఆంపియర్ల మీద పెట్టి చూడండి. మీటరు అలా ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. ట్రాకర్ ఉన్న బండికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు మామూలే. అర ఆంపియర్ చూపిస్తే, రెండు రోజుల్లో 24 ఆంపియర్ అవర్లు పోయినట్టు లెక్క. ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ మీటరు చూడండి, ఏది తీసినప్పుడు పడిపోతుందో దొంగ అక్కడున్నట్టు. బండి కొన్న తర్వాత బిగించిన వాటినే మొదట అనుమానించండి: డెకరేషన్ లైట్లు, ఆంప్లిఫయర్, సగం సగం కలిపిన ట్రాకర్ వైరింగు. ఫ్యూజులన్నీ తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటర్ డయోడ్లు లీకవుతున్నాయి.

పక్క లారీ నుంచి జంప్ ఎలా ఇవ్వాలి? కారుతో ఇవ్వొచ్చా?

24 వోల్టుల లారీకి 24 వోల్టుల లారీతోనే, 12 వోల్టుల బండికి 12 వోల్టుల బండితోనే. లారీకి కారు కుదరదు. లారీలో రెండు బ్యాటరీలూ వరుసగా ఉంటాయి కాబట్టి మధ్య లింకు మీద క్లిప్పు పెట్టేస్తే కథ అడ్డం తిరుగుతుంది, చివరి ప్లస్, చివరి మైనస్ ఏవో కేబుల్ వెంట వేలు పెట్టి చూసుకోండి. ప్లస్ నుంచి ప్లస్‌కి ముందు. తర్వాత మంచి బండి మైనస్ నుంచి, ఆగిన బండి ఇంజన్ బ్లాక్ మీద రంగు లేని చోటుకి. బ్యాటరీ మైనస్ మీద ఎందుకు వద్దంటే చివరి క్లిప్పు పెట్టేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది. బీడీ కూడా అటు పడేసి రండి. ఐదు నిమిషాలు చార్జింగ్ ఎక్కనిచ్చి సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ అయ్యాక ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ కేబుల్ విప్పే పాత అలవాటు మానుకోండి, ఆల్టర్నేటరో కంప్యూటరో పోతుంది.

తోసి స్టార్ట్ చేయొచ్చా?

పాత మెకానికల్ పంపు ఉన్న చిన్న బండి అయితే చేయొచ్చు, రెండో గేరులో. కామన్ రైల్ బండ్లలో (డీజిల్‌ని ఎక్కువ ప్రెషరుతో, కంప్యూటర్ లెక్క ప్రకారం చిమ్మే ఇంజన్లు) కంప్యూటర్‌కి, ఇంధనం కొలిచే వాల్వులకి కరెంటు కావాలి, బ్యాటరీ పూర్తిగా పడుకుంటే ఎంత తోసినా దండగ. పెద్ద లారీల్లో ఇంకో చిక్కు, రాత్రికి ఎయిర్ ట్యాంకుల్లో గాలి దిగిపోతుంది, గాలి లేకపోతే పార్కింగ్ బ్రేకు స్ప్రింగులు వదలవు. దాన్ని బలవంతంగా వదిలించి వాలులో వదిలేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఇంజన్ ఆగి ఉంటే స్టీరింగ్ తిరగదు, గాలి లేక బ్రేకు పడదు, కింద బస్తీ ఉంటుంది.

ఒక్కో సెల్ఫ్ ఎంతసేపు కొట్టాలి?

10 నుంచి 15 సెకన్లు, తర్వాత కనీసం ఒక నిమిషం, వీలైతే రెండు నిమిషాలు ఆగాలి. నాలుగైదుసార్లకి అందుకోకపోతే ఆపేసి కారణం వెతకండి. నో ఎంట్రీ టైం లోపల సిటీ దాటాలన్న టెన్షన్‌లో ఆపకుండా కొడుతూ పోతే మోటరు కాలుతుంది, బ్యాటరీ దిగుతుంది, ఒక రిపేరు మూడవుతాయి. కొట్టేటప్పుడు క్లచ్ నొక్కి ఉంచండి, గేర్‌బాక్సులో చిక్కబడ్డ ఆయిల్‌ని కూడా తిప్పే బరువు తప్పుతుంది.

## చురుగ్గా తిరుగుతుంది, అందుకోవట్లేదు

నా బండికి హీటర్ ప్లగ్గులు ఉన్నాయా? ఉంటే పోయాయని ఎలా తెలుస్తుంది?

పాత టాటా ఏస్ లాంటి చిన్న ఇంజన్లకి ఉంటాయి, వాటికి అవి లేకుండా చలిలో స్టార్టింగ్ కష్టమే. పెద్ద లారీల ఇంజన్లు చాలావాటికి ఉండవు. కొన్నింటికి బదులుగా గాలి వెళ్లే దారిలో గ్రిడ్ హీటరు ఉంటుంది. బండి పుస్తకం చూడండి, లేని ప్లగ్గులకి డబ్బులు కట్టినవాళ్లు కూడా ఉన్నారు. పరీక్ష సులువే: ప్లగ్గుల తలలను కలిపే పట్టీ తీసేసి, ఒక్కో ప్లగ్గు తలకీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య ఓమ్స్ కొలవండి. మంచిది ఒక ఓమ్ అటూ ఇటూ చూపిస్తుంది, పోయినది మీటరులో అసలు కదలదు. నాలుగింట్లో ఒకటి పోతే పెద్దగా తెలియదు, రెండు పోతే మాత్రం పొద్దున పొగ, వణుకు మొదలవుతాయి. అన్నీ బాగున్నా పనిచేయట్లేదంటే రిలే, ఫ్యూజు, ఆ పట్టీకి కరెంటు వస్తోందా లేదా చూడాలి. ఒక హెచ్చరిక: కొత్త ఇంజన్ల ప్లగ్గులు కొన్ని 12 వోల్టులకన్నా బాగా తక్కువకి తయారైనవి, బ్యాటరీకి నేరుగా తగిలించి ఎర్రబడుతుందా అని చూశారంటే అక్కడే చస్తుంది.

డ్యాష్‌బోర్డు మీద కాయిల్ గుర్తు ఆరిపోయేదాకా ఆగాలా?

ఆగాలి, హీటర్లు వేడెక్కుతున్నాయని చెప్పే గుర్తు అది. ఆరాక వెంటనే సెల్ఫ్ కొట్టాలి, ఆరాక ఇంకో నిమిషం కబుర్లు చెప్పుకుంటే వేడి పోతుంది. మరీ చలిగా ఉంటే తాళం ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేసి రెండోసారి వేడెక్కించి కొట్టండి.

సైలెన్సర్ నుంచి పొగే రావట్లేదు. చేతి పంపు ఓ పాతికసార్లు కొడితేనే స్టార్ట్ అవుతుంది. పంపు పోయిందా?

పంపు కాదు, రాత్రిపూట డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. ఎక్కడో గాలి లోపలికి దూరే సందు ఉంది. ఈ లీకులో తిప్పలేంటంటే, ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్‌ని లాగుతారు, నెట్టరు, కాబట్టి సందు నుంచి డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి కనిపించదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బాగానే ఉండి పావు ట్యాంకుకి వచ్చాక ఇబ్బంది పెడుతుంటే ఇదే అని దాదాపు ఖాయం. ఫిల్టరు ముందు జానెడు పారదర్శకమైన డీజిల్ పైపు వేసి రాత్రి వదిలేయండి, పొద్దున అందులో డీజిల్ నిలిచి ఉందా, బుడగలు ఉన్నాయా అన్నది కళ్ల ముందే ఉంటుంది. అనుమానించాల్సినవి వరసగా: క్లిప్పుల దగ్గర పగిలిన రబ్బరు పైపు, మళ్లీ మళ్లీ వాడిన రాగి వాషర్లు, ఫిల్టరు సీలు, చేతి పంపు లోపలి వాల్వు. చివరిది అందరూ మర్చిపోతారు. చలికి రబ్బరు బిగుసుకుపోతుంది కాబట్టి ఎండాకాలం మూసుకుని ఉన్న సందు ఇప్పుడు తెరుచుకుంటుంది. కామన్ రైల్ బండ్లలో గాలి తీయడానికి నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) దగ్గరి ఇనుప పైపుల నట్లు మాత్రం వదులు చేయకండి, అందులో ప్రెషరు ఒంట్లోకి డీజిల్‌ని దించేంత ఉంటుంది.

కామన్ రైల్ బండి. సెల్ఫ్ బాగా తిరుగుతుంది, చాలాసేపటికి అందుకుంటుంది. స్కానర్‌లో ఏమీ రావట్లేదంటున్నారు.

ఎర్రర్ కోడు రాకపోవచ్చు, అంకెలు చదవమనండి. పొద్దున తాళం ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకముందు కూలెంట్, గాలి, డీజిల్ మూడింటి ఉష్ణోగ్రత దాదాపు ఒకటే చూపించాలి, రాత్రంతా ఆగి ఉంది కాబట్టి. గాలి 12 చూపించి కూలెంట్ 60 చూపిస్తే కూలెంట్ సెన్సర్ అబద్ధం చెబుతోంది, కంప్యూటర్ ఇంజన్ వేడిగానే ఉందనుకుని హీటరూ వేయదు, డీజిల్ కూడా పెంచదు. సెల్ఫ్ కొడుతుండగా ఆర్‌పీఎం సున్నాలోనే ఉంటే క్రాంక్ సెన్సరు. ఆర్‌పీఎం వస్తూ రైల్ ప్రెషరు నెమ్మదిగా ఎక్కుతుంటే నాజిళ్ల వెనక్కి లీకు కొలవాలి: రిటర్న్ పైపులు తీసి ఒక్కోదానికి ఒక్కో సీసా పెట్టి తిప్పితే, ఏ సీసా ముందు నిండుతుందో ఆ నాజిల్ అరిగిపోయింది. నాలుగూ మార్చేయమంటే సీసాలు చూపించమనండి. అన్నట్టు, ఈ బండ్లకు సెల్ఫ్ కొట్టేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కక్కర్లేదు, డీజిల్ ఎంత పోయాలో కంప్యూటరే చూసుకుంటుంది.

తెల్ల పొగ దట్టంగా వస్తోంది, కళ్లు మండుతున్నాయి, స్టార్ట్ కావట్లేదు. ఇంజన్ పోయిందా?

కళ్లు మండించే తెల్ల పొగ కాలని డీజిల్. కారణం నాలుగింట్లో ఒకటి: వేడి పెట్టే ఏర్పాటు పనిచేయకపోవడం, సెల్ఫ్ నెమ్మదిగా తిప్పడం, నాజిల్ చిమ్మకుండా కార్చడం, కంప్రెషన్ పడిపోవడం. చవకైన వాటితో మొదలుపెట్టి అదే వరసలో చూడండి. మెకానికల్ పంపు బండి అయితే, పంపు విప్పి బిగించాక ఇది మొదలైతే, టైమింగు వెనక్కి పడిందేమో కూడా చూడాలి. పొగకి తియ్యటి వాసన ఉండి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే అది వేరే రోగం, హెడ్ గాస్కెట్. అప్పుడు సెల్ఫ్ కొట్టడం ఆపేయండి, సిలిండర్లో నీళ్లు నిలిచి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

ఈథర్ స్ప్రే కొడితే ఒక్క దెబ్బకి అందుకుంటుందట కదా?

అందుకుంటుంది. హీటర్ ప్లగ్గులో, గ్రిడ్ హీటరో ఉన్న బండికి కొడితే ఎర్రగా కాలుతున్న దానిమీద పడి గాలి గొట్టంలోనే పేలుతుంది. ఏ హీటరూ లేని బండికి కూడా, పిస్టన్ పైకి రాకముందే అంటుకుని ఎదురు తంతుంది, రింగులు, పిస్టన్ పగిలిన సందర్భాలున్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే. ఇంజన్ తయారీదారు పుస్తకంలో వాడొచ్చని రాసి ఉంటే తప్ప ముట్టుకోవద్దు.

ఫిల్టరు కింద నీళ్లు తీయాలంటారు, ఎంత తరచుగా?

చలికాలం వారానికోసారి, వానల్లో తడిసిన బంకుల్లో పోయిస్తే ఇంకా ముందే. రాత్రి ట్యాంకులో ఖాళీ ఎక్కువుంటే లోపలి తేమ చల్లబడి నీటి చుక్కలవుతుంది, కాబట్టి సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టుకోవడం మంచిది. గ్లాసులోకి పట్టండి, నీళ్లు అడుగున గుండ్రంగా వేరుగా నిలుస్తాయి. డీజిల్ మాత్రమే వచ్చేదాకా వదిలి బిగించండి.

## స్టార్ట్ అయ్యాక

అందుకున్నాక రెండు నిమిషాలు వణుకుతుంది, మూడు సిలిండర్ల మీద కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. తర్వాత మామూలే. వదిలేయొచ్చా?

ఈ నెల వదిలేస్తే వచ్చే నెల అసలు స్టార్ట్ కాదు. ఒక సిలిండర్ చల్లగా ఉన్నప్పుడు అంటుకోవట్లేదు, వేడెక్కాక అంటుకుంటోంది. ఏదో తెలుసుకోవడానికి స్టార్ట్ కాగానే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు కొమ్మల మీద చిన్న చిన్న నీటి చుక్కలు వేయండి. ఏ కొమ్మ మీద చుక్క త్వరగా ఆవిరి కాదో ఆ సిలిండరే. దాని ప్లగ్గు, నాజిల్, టాపెట్ గ్యాపు (వాల్వు దగ్గర ఉండాల్సిన సందు) చూడండి.

స్టార్ట్ అయి పది సెకన్లకే ఆగిపోతుంది, ఎందుకు?

ఫిల్టర్లో నిలిచి ఉన్న కాస్త డీజిల్‌తో లేచింది, వెనకనుంచి సరఫరా లేదు. ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు, పైపులో గాలి ఉండొచ్చు, ట్యాంకు లోపలి జల్లెడకి చెత్త అడ్డుపడి ఉండొచ్చు. కొత్త బండ్లలో అయితే తాళం గుర్తింపు సమస్య కూడా, డ్యాష్‌బోర్డు మీద తాళం లైటు మెరుస్తుందేమో చూడండి.

ఎంతసేపు ఐడిల్‌లో ఉంచాలి? మా ఓనర్ డీజిల్ దండగ అంటాడు, డ్రైవర్ అరగంట ఉంచుతాడు.

ఇద్దరిదీ కొంత నిజం. మన చలికి రెండు మూడు నిమిషాలు చాలు, టర్బో బేరింగుకి ఆయిల్ చేరుతుంది, గాలి ట్యాంకులు నిండుతాయి. తర్వాత మెల్లగా నడుపుతూ వేడెక్కించడమే మేలు. లేచీ లేవగానే గట్టిగా రేసు చేయడం టర్బోకి విషం. అరగంట ఐడిల్‌లో డీజిల్ సరిగా కాలక మసి పేరుకుంటుంది, బీఎస్ 6 బండ్లలో ఆ మసి నేరుగా, పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌లోకి పోతుంది. మూసి ఉన్న షెడ్డులో ఇంజన్ ఆన్ చేసి పడుకోవడం మాత్రం ప్రాణాలకే ముప్పు.

## చలి ప్రాంతాలకు లోడు పడితే

డీజిల్ గడ్డకడుతుందంటారు, హైదరాబాద్‌లో కూడా జరుగుతుందా?

దాదాపు జరగదు. చలికి డీజిల్‌లోని మైనం పొరలా తేలి ఫిల్టర్‌ని మూసేస్తుంది. ఏ ఉష్ణోగ్రత దాకా ఫిల్టరు మూసుకోకూడదో డీజిల్‌కి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 1460లో ఉంది: నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అమ్మే డీజిల్‌కి 6 డిగ్రీలు, మిగతా నెలల్లో 18 డిగ్రీలు. బంకులో దొరికేది మామూలుగా దీనికన్నా మెరుగ్గానే ఉంటుంది. కాబట్టి సిటీలో పొద్దున్నే బండి లేవకపోతే గడ్డకట్టిందనే మాట ఆఖరున అనుకోవాలి. ఎండాకాలంలో నింపి కదలకుండా పెట్టిన బండిని జనవరిలో ఆదిలాబాద్ వైపు తీసుకెళ్తే, లేదా పాడేరు ఘాట్ మీద రాత్రి ఆపితే అప్పుడు ఆలోచించాలి.

ఆపిల్ లోడు కోసం కశ్మీర్ వెళ్తున్నాం. ఇక్కడే ట్యాంకు ఫుల్ చేయించుకుంటే లాభం కదా?

రేటులో లాభం, చలిలో నష్టం. ఇక్కడి డీజిల్ ఇక్కడి వాతావరణానికి సరిపోయేది. పైకి వెళ్లేసరికి ట్యాంకు అడుగంటేలా చూసుకుని, చలి ప్రాంతంలోని బంకులోనే నింపుకోండి. లడఖ్ లాంటి చోట్ల కోసం ఇండియన్ ఆయిల్ 2019లో ప్రత్యేక వింటర్ డీజిల్ తెచ్చింది, అది మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టదు. కొత్త ఫిల్టరు ఒకటి క్యాబిన్‌లో పెట్టుకోండి, రాత్రి ఇంజన్ ముఖాన్ని గాలికి ఎదురుగా ఉంచి ఆపొద్దు.

ట్యాంకు కింద మంట పెడితే, కొంచెం కిరోసిన్ కలిపితే పని అవుతుందని పాత డ్రైవర్లు అంటారు.

మంటకి కాలిన లారీలు హైవే పక్కన కనిపిస్తూనే ఉంటాయి. ట్యాంకు కిందే బ్రేకు గాలి పైపులు, వైరింగు ఉంటాయి, మంట పైకి లేస్తే ఆర్పడానికి ఆ చలిలో నీళ్లు కూడా దొరకవు. గోనెసంచి ఫిల్టరుకి చుట్టి దానిమీద వేడినీళ్లు పోయడం సురక్షితం, నిదానంగానైనా పని చేస్తుంది. కిరోసిన్ డీజిల్‌ని పలచన చేస్తుంది నిజమే, దానితోపాటు పంపుకి కావాల్సిన జిడ్డునీ తగ్గిస్తుంది. పాత పంపులు ఓర్చుకున్నాయి, కామన్ రైల్ పంపు ఓర్చుకోదు. పట్టుబడితే కల్తీ కేసు అదనం. పెట్రోల్ కలపడం గురించి అడగనే వద్దు.

యాడ్‌బ్లూ గడ్డకడితే బండి స్టార్ట్ కాదా?

యాడ్‌బ్లూ అంటే పొగలో విషవాయువులు తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవం, అది గడ్డకట్టేది మైనస్ 11 దగ్గర. హైదరాబాద్‌లో ఆ బాధ లేదు. కశ్మీర్, లడఖ్ లాంటి చోట్ల గడ్డకట్టినా ఇంజన్ లేస్తుంది, తిరిగే ఇంజన్ వేడితో కరుగుతుంది.

## ఆయిల్, గ్యారేజీ, ఖర్చు

చలికాలానికి ఇంజన్ ఆయిల్ మార్చాలా?

పుస్తకంలో 15W-40 అని ఉండి అదే పోస్తుంటే మన చలికి మార్చక్కర్లేదు. W ముందు అంకె ఎంత తక్కువైతే చలిలో అంత పలచగా ఉంటుంది. ఇంజన్ అరిగిందని, ఆయిల్ తాగుతోందని 20W-50 పోసిన బండ్లే పొద్దున బరువుగా తిరిగి ఏడిపిస్తాయి. ఎప్పుడో మార్చాల్సిన ఆయిల్ మసితో చిక్కబడి ఉన్నా అంతే.

మెకానిక్ ఇంజన్ దింపి బోర్ చేయాలంటున్నాడు. నమ్మొచ్చా?

కంప్రెషన్ గేజీ పెట్టి సిలిండర్ల వారీగా అంకెలు కాగితం మీద రాసివ్వమనండి. నాజిల్ బెజ్జంలోంచో, హీటర్ ప్లగ్గు బెజ్జంలోంచో కొలుస్తారు, అరపూట పని. అన్ని సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉండి కంపెనీ చెప్పిన కనీసానికి పైనుంటే ఇంజన్ దింపే పనే లేదు. ఒక్కటే తక్కువ ఉంటే ముందు టాపెట్ గ్యాపు సరిచేసి మళ్లీ కొలవాలి, వాల్వు పూర్తిగా మూసుకోక కూడా అలా వస్తుంది. అన్నీ తక్కువగా ఉండి, ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత వదులు చేస్తే అది ఎగురుతూ పొగ కక్కుతుంటే, రింగులు, లైనర్లు అరిగినట్టే, అప్పుడు అతను చెప్పింది నిజం. గేజీ లేదు, అనుభవంతో చెబుతున్నా అంటే, అదే వీధిలో గేజీ ఉన్న ఇంకో షెడ్డు దొరుకుతుంది.